ఉల్లిలోని నీరు ఇగిరేదాకా: ఎల్ రీనో బర్గర్

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, రూట్ 66 రోడ్డు మీద ఎల్ రీనో అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు అది రైల్వే వర్క్‌షాపుల ఊరు. 1922లో దేశమంతటా రైల్వే షాపుల కార్మికులు సమ్మెకు దిగారు. జీతాలు ఆగిపోయాయి. మాంసం ఖరీదు, ఉల్లిపాయ చవక. హాంబర్గర్ ఇన్ అనే హోటల్ నడిపే రాస్ డేవిస్, కాస్తంత బీఫ్ కీమా ముద్ద మీద గుప్పెడు ఉల్లి తరుగు వేసి పెనానికి గట్టిగా అదిమేశాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కరువు కాలపు బర్గర్ పేరు మీద ఊరు ఇప్పుడు ఏటా మే నెల మొదటి శనివారం పండగే చేసుకుంటుంది.

ఎందుకంత రుచి? కారణం ఉల్లిలోని నీరు అంటాను నేను. ఉల్లిపాయ బరువులో దాదాపు 89 శాతం నీరే. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కాబట్టి, తడి ఉన్నంతసేపు మంట ఎంత పెంచినా ఉల్లి ఆ వేడిని పెద్దగా దాటదు. బాగా ఎర్రబడాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. కూరకి ఉల్లిపాయలు వేయించేటప్పుడు చూడండి: చాలాసేపు తెల్లగానే మెత్తబడతాయి, తడి ఇగరగానే చకచకా రంగు తిరుగుతాయి. కాస్త ఏమరిస్తే మాడిపోతాయి కూడా.

ఆ రంగు వెనకున్న రసాయన చర్యను 1912లో ఫ్రాన్సుకు చెందిన లూయీ కమీయ్ మయ్యార్ వివరించాడు. ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లాలు, కొన్ని రకాల చక్కెరలు వేడికి కలిసి వందలాది కొత్త వాసనలను, రుచులను పుట్టిస్తాయి. మాంసంలో మొదటివి పుష్కలం. ఉల్లిలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉన్నాయి. రెండింటినీ ఒకదానిలోకి ఒకటి అదమడం కన్నా మంచి పొత్తు ఏముంటుంది!

ఇంట్లో చేయాలంటే నాన్‌స్టిక్ వద్దు, బరువైన ఇనప పెనం తీసుకోండి. ఉల్లిని కాగితమంత పలచగా తరగాలి, అప్పుడే నీరు త్వరగా బయటికొస్తుంది. 70 గ్రాముల కీమా ముద్దను బాగా కాగిన పెనం మీద పెట్టి, పైన చూడ్డానికి దానికంటే ఎక్కువగా కనిపించేంత ఉల్లి వేసి, ఉప్పు చల్లి, అట్లకాడతో బలంగా నొక్కండి. ఉల్లి పెసరట్టు వేసేవాళ్లకి ఈ నొక్కుడు అలవాటే. అంచులు ఎర్రబడ్డాక తిరగేస్తే ఉల్లి కిందికి పోతుంది. ఇప్పుడు బన్ను రెండు చెక్కలనూ పైన మూతలా పెట్టండి. ఉల్లి నుంచి లేచే ఆవిరికి బన్ను మెత్తబడుతుంది, ఉల్లి వాసన పట్టుకుంటుంది. రంగు రాకుండా అడ్డుపడిన నీరే ఇక్కడ పనికొస్తుంది.

బీఫ్ బదులు మటన్ కీమాతోనూ చేయొచ్చు. చికెన్ కీమాలో కొవ్వు తక్కువ, ఉల్లి వేగడానికి చెంచాడు నూనె వేయాలి. ఒక్కటి మాత్రం మరవద్దు: మాంసాన్ని కీమా కొట్టినప్పుడు పైనున్న బాక్టీరియా లోపలంతా కలిసిపోతుంది. అందుకే బీఫ్, మటన్ కీమా లోపల 71 డిగ్రీలు, చికెన్ 74 డిగ్రీలు చేరేదాకా ఉడకాలి.

దించేటప్పుడు పెనం అంచున కరకరలాడే ఉల్లి పోగులు మిగులుతాయి. వాటిని గీరి బన్నులోకే చేర్చండి.