370 కిలోమీటర్లు దాటితే సముద్రానికి కాపలా ఎవరు?

ఒడిశాలోని గంజాం తీరంలో చేపల వేట మీద బతికే తెలుగు పల్లెలకు సముద్రం మీద గీతలు కొత్త కాదు. ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధమ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం పెట్టిన కట్టడి ఇది. దాని బరువు మోసేది ఒడ్డున ఉన్నవాళ్లే. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య ఇసుకలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయంటే, అందులో ఈ పల్లెల పస్తుల పాలు కూడా ఉంది.

గుడ్లు పెట్టిన తాబేలు మాత్రం ఇక్కడ ఆగదు. 2021లో ఒడిశా తీరంలో రెక్కకు గుర్తుబిళ్ల బిగించిన తాబేలొకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఇసుకలో గుడ్లు పెడుతూ కనిపించింది. అంత దూరం ఈదే ప్రాణికి 20 కిలోమీటర్ల కాపలా ఏ మూలకు? ఏ దేశానికీ చెందని నడిసముద్రంలోనూ కాపలా పెట్టడానికి ఇప్పుడొక ఐరాస ఒప్పందం వచ్చింది.

తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు నేలతో సమానం. 200 నాటికల్ మైళ్ల వరకు, సుమారు 370 కిలోమీటర్లు, చేపల మీదా ఖనిజాల మీదా హక్కు ఆ దేశానిదే. ఆపైన నీళ్లు ఎవరివీ కావు. ప్రపంచ సముద్రాల్లో సుమారు 64 శాతం ఇలాంటివే. బంగాళాఖాతం నడిమధ్యనా ఒక చెక్క ఉంది.

సముద్రం ఏ ఒక్కరి సొత్తూ కాదన్న ఆలోచనకు పేరు తెచ్చినవాడు డచ్చి న్యాయవాది హ్యూగో గ్రోషియస్. సముద్రం తమదేనన్న పోర్చుగీసు వాళ్లను కాదంటూ, అది అందరిదీ, ఎన్ని ఓడలు తిరిగినా ఎంత వేటాడినా తరగదు అని 1609లో వాదించాడు. మొదటి సగం న్యాయమే. రెండో సగం తెరచాపల కాలపు మాట.

1982లో కుదిరి 1994లో అమల్లోకి వచ్చిన ఐరాస సముద్ర చట్టం ఒప్పందం, సముద్రాన్ని కాపాడటం ప్రతి దేశం బాధ్యత అంది. నడిసముద్రంలో రక్షిత ప్రాంతాన్ని ఎవరు, ఎలా ప్రకటించాలో చెప్పలేదు. పైగా అక్కడి ఓడ మీద అధికారం దాని జెండా దేశానిదే, అంటే అది నమోదైన దేశానిదే. పది దేశాలు ఒకచోట వేట వద్దని రాసుకున్నా, పదకొండో దేశం జెండా కట్టిన ఓడ అక్కడే వల దించవచ్చు.

పెత్తనం కూడా చీలి ఉంది. ఓడల రాకపోకలు లండన్‌లోని అంతర్జాతీయ నౌకాయాన సంస్థవి, అడుగు నేల ఖనిజాలు జమైకాలోని సముద్రగర్భ సంస్థవి, మన వైపు ట్యూనా చేపల వేట సీషెల్స్‌లోని కమిషన్‌ది. 2010లో ఈశాన్య అట్లాంటిక్ పర్యావరణాన్ని చూసే ఓస్పార్ కమిషన్ అక్కడి నడిసముద్రంలో రక్షిత ప్రాంతాలు ప్రకటించినప్పుడు ఇదే అడ్డొచ్చింది: వేటను ఆపే అధికారం దానికి లేదు, అది వేరే కమిషన్ చేతిలో ఉంది. అంటార్కిటిక్‌లో వేట అధికారమూ ఉన్న కమిషన్ 2009లో దక్షిణ ఓర్క్నీ దగ్గర 94,000 చదరపు కిలోమీటర్లను, 2016లో రాస్ సముద్రంలో 15.5 లక్షల చదరపు కిలోమీటర్లను కాపాడగలిగింది. రెండోది 35 ఏళ్ల గడువుతోనే. అక్కడ అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. రష్యా, చైనా అడ్డు చెప్పడంతో తూర్పు అంటార్కిటిక్ ప్రతిపాదన ఏళ్ల తరబడి కదల్లేదు.

ఈ ముడి విప్పడానికి 2004లో ఐరాస ఒక కార్యబృందాన్ని వేసింది. నడిసముద్రపు జీవజాలాన్ని కాపాడే ఈ కొత్త ఒప్పందం ఆమోదం పొందింది 2023 జూన్ 19న. భారత్ 2024 సెప్టెంబరులో సంతకం చేసింది. 60 దేశాల ధ్రువీకరణ పూర్తయ్యాక 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది.

పద్ధతి ఇదీ. సభ్యదేశం ఒంటరిగానో, కొన్ని కలిసో ప్రతిపాదన పంపాలి. అందులో హద్దులు, అక్కడి జీవజాలం, జరుగుతున్న పనులు, ముసాయిదా నిర్వహణ ప్రణాళిక, నిఘా ఏర్పాటు అన్నీ ఉండాలి. శాస్త్ర సాంకేతిక మండలి చూస్తుంది, తర్వాత సంప్రదింపులు. సభ్యదేశాల సభ మొదట ఏకాభిప్రాయానికి ప్రయత్నిస్తుంది. ఇక కుదరదని మూడింట రెండొంతుల మంది తేలిస్తే, నాలుగింట మూడొంతుల ఓటుతో ప్రకటించవచ్చు. అంటార్కిటిక్‌లో లేని తలుపు ఇదే. ఒప్పందం మొత్తంలో దీని విలువే ఎక్కువ.

బొక్కలూ ఉన్నాయి. నిర్ణయం అమలుకు 120 రోజుల గడువు. ఆలోగా ఒక దేశం కారణాలు రాసి అభ్యంతరం చెబితే దానికి అది వర్తించదు. మూడేళ్లకోసారి ఆ అభ్యంతరాన్ని తిరిగి తెలపాలి. ట్యూనా కమిషన్ వంటి సంస్థల అధికారాన్ని తగ్గించకూడదన్న షరతూ ఉంది. అంటే వల, గాలం విషయంలో మళ్లీ వాళ్ల గడప తొక్కాల్సిందే. గుర్తింపు సంకేతాన్ని ఆపేసిన ఓడను ఉపగ్రహ రాడార్ పసిగట్టవచ్చు గానీ, శిక్షించాల్సింది దాని జెండా దేశమే.

మనకు పనికొచ్చేది సంప్రదింపుల అధికరణం. ప్రతిపాదిత ప్రాంతానికి ఆనుకున్న తీరదేశాలకు ముందుగా తెలియజేసి అభిప్రాయం అడగాలి. సంప్రదాయ జ్ఞానం ఉన్న స్థానిక సమాజాల మాటా వినాలి. రేపు ఎవరైనా బంగాళాఖాతం నడిమి నీళ్లకు ప్రతిపాదన పెడితే, ఏ నెలలో, ఎన్ని బారల లోతులో, ఏ వలకు తాబేళ్లు చిక్కుతున్నాయో చెప్పగలిగేది గంజాం వేటగాళ్లే. నోటి మాట దస్త్రంలోకి ఎక్కదు. తేదీ, చోటు, వల రకం ప్రతి వేట తర్వాత రాసే పుస్తకం ఇప్పటినుంచే ప్రతి నావలో ఉండాలి, తెలుగులోనో ఒడియాలోనో.