పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి

బాబుకి, చిన్నికి,

మీ ఉత్తరం చేరింది. ఒకే కాగితం మీద మధ్యలో గీత గీసి, చెరో సగం పంచుకుని రాశారు. గీతకు ఇవతల బాబు: "ఈ ఎండల్లో ఇక్కడ ఉండలేం తాతయ్యా, నాన్నకి చల్లటి ఊరికి బదిలీ ఇస్తామంటున్నారు, వెళ్లిపోదాం." అవతల చిన్ని: "నా స్నేహితులు, నా బడి, నా ఈత అన్నీ ఇక్కడే, నేను కదలను." అడుగున ఇద్దరూ కలిసి, "ముప్ఫై ఎనిమిదేళ్లు ఏసీలు బాగుచేశావుగా, నువ్వే తీర్పు చెప్పు" అని.

తీర్పు నేను చెప్పను, దానికి మీ అమ్మానాన్న ఉన్నారు. కానీ బాబు కాగితం వెనక వేసిన లెక్క చూశాక ఊరుకోలేకపోయాను. రెండు ఊళ్ల పేర్లు రాసి, ఎదురుగా వేసవి మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలో వేసి, పెద్ద అంకె ఉన్న ఊరిని కొట్టేశావు. అంత తేలిగ్గా తేలే లెక్కే అయితే వేడి ఊళ్లన్నీ ఈపాటికి ఖాళీ అయిపోయి ఉండాలి కదరా!

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. వార్తల్లో చెప్పే డిగ్రీలు ఎండలో కొలిచినవి కావు. నేలకి ఇంచుమించు ఒకటిన్నర మీటరు ఎత్తున, గాలి ఆడేలా పలకలు బిగించిన తెల్ల పెట్టెలో, నీడలో కొలుస్తారు. అంటే 42 అని చెప్తే అది నీడన నిలబడ్డవాడి 42. డాబా మీద ఏసీ బయటి యూనిట్ విప్పుకుంటూ కూర్చున్నవాడికి ఆ అంకెతో పని లేదు. నెత్తిన సూర్యుడు, కింద కాలిన సిమెంటు, మొహం మీదికి ఆ యూనిట్ ఊదే వేడి గాలి. స్పానర్‌ని తడిగుడ్డలో చుట్టి పట్టుకునేవాణ్ణి. అదే మేడలో రెండంతస్తుల కింద ఒకావిడ దుప్పటి కప్పుకుని టీవీ చూస్తుండేది. మా ఇద్దర్నీ ఊళ్లో ఎండ ఎలా ఉందని అడిగితే ఒకే జవాబు వస్తుందా?

నన్నడిగితే మధ్యాహ్నం అంకె కంటే తెల్లవారుజాము అంకె ముఖ్యం. పగలంతా వేగిన ఒళ్లు రాత్రి కాస్త చల్లబడితే చాలు, మర్నాటికి తేరుకుంటుంది. రాత్రీ వేడి దిగకపోతే నిన్నటి బడలిక మీద ఇవాళ్టిది ఎక్కుతుంది. 1995 జులైలో అమెరికాలోని షికాగోలో వడగాడ్పులకి 700 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు. ఆ వారం రాత్రులు కూడా చల్లబడలేదు. షికాగో చలికి పేరు పడ్డ ఊరు, బాబూ. ఈ మాట గుర్తుంచుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఊరి వేడి అసలు రంగు రాత్రే బయటపడుతుందని రెండు వందల ఏళ్ల కిందటే లూక్ హోవర్డ్ అనే లండన్ మందుల తయారీదారు గమనించాడు. మేఘాలకి ఇప్పటికీ మనం వాడే శాస్త్రీయ పేర్లు పెట్టిందీ ఆయనే. ఏళ్ల తరబడి ఊరి లోపలా బయటా థర్మామీటర్లు చూసి రాసుకుంటే, పగలు పెద్ద తేడా లేదు కానీ రాత్రి మాత్రం ఊరు సుమారు 2 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. అప్పటికి ఏసీల్లేవు, కార్లు లేవు. ఇటుకా రాయీ పగలు తాగిన వేడిని రాత్రి నిదానంగా కక్కుతాయి. ఎదురెదురు మేడలు ఆకాశాన్ని మూసేస్తే ఆ వేడి పైకి పోయే దారి కూడా ఉండదు. మట్టీ చెట్టూ ఉన్నచోట నీరు ఆవిరవుతూ కొంత వేడిని పట్టుకుపోతుంది. సిమెంటు వేసి కప్పేస్తే అదీ లేదు.

తర్వాత తేమ. ఒళ్లు చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల. లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. ఎదిగిన మనిషి రోజంతా తినే తిండి ఇచ్చే శక్తిలో నాలుగో వంతు అనుకోండి. కానీ గాలి అప్పటికే తడిగా ఉంటే చెమట ఆరదు, కారిపోతుందంతే. అదే ఉక్కపోత. దీన్ని కొలవడానికి థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తారు. గుడ్డ ఆరుతూ ఎంతదాకా చల్లబడుతుందో ఆ అంకెని మా పనిలో 'వెట్ బల్బ్' అనేవాళ్లం. 42 డిగ్రీలు ఉండి తేమ 15 శాతమే ఉంటే వెట్ బల్బ్ 22 దగ్గర ఆగుతుంది. 34 డిగ్రీలే ఉండి తేమ 80 శాతం ఉంటే 31 దగ్గరికి పోతుంది. వెట్ బల్బ్ 35 దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2022లో కుర్రవాళ్లని గదిలో పెట్టి పరీక్షిస్తే అంతదాకా పోనక్కర్లేదు, 31 దగ్గరే ఒళ్లు అదుపు తప్పడం మొదలైందని తేలింది. ఇప్పుడు చెప్పు బాబూ, 42 ఊరా, 34 ఊరా?

పొడి ఊళ్లో కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కరెంటు కొంచెమే తింటుంది. కాకపోతే నీళ్లు తాగుతుంది, పొడి ఊళ్లలో కరువయ్యేదీ ఆ నీళ్లే. ఉక్క ఊళ్లో కూలర్ పెడితే గది ఇంకా ముద్దయిపోతుంది. అక్కడ ఫ్యానూ ఏసీలే దిక్కు.

ఇక ఏసీ. ఇక్కడ నా నోటికి తాళం వేయడం కష్టం, భరించండి. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్క్‌లో మొదట తయారుచేసింది మనుషుల కోసం కాదు, అచ్చు కాగితం కోసం. తేమకి కాగితం సాగి రంగులు పక్కకి జరిగిపోతున్నాయని ఒక ముద్రణాలయం మొరపెట్టుకుంది. 'ఒకటిన్నర టన్ను ఏసీ' అంటాం కదా, అది మిషన్ బరువని చిన్నప్పుడు మీ నాన్న అనుకునేవాడు. ఒక టన్ను, అంటే 907 కిలోల మంచు, ఒక రోజులో కరిగి ఎంత వేడిని పీలుస్తుందో అంత వేడిని మిషన్ లాగేస్తుందని అర్థం. ఒకటిన్నర టన్ను మిషన్ గదిలోంచి 5.3 కిలోవాట్ల వేడి తీస్తుంది. తీయడానికి అదో ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు వాడుతుంది. ఈ రెండూ కలిపి బయటికి ఊదుతుంది. ఏసీ వేడిని పోగొట్టదు, గోడకి అవతలికి తోస్తుంది. తోసే శ్రమ కూడా వేడిగా మారి దానికి తోడవుతుంది. గోడకి అవతల ఏసీ లేని ఇంటి కిటికీ ఉంటే ఆ ఇంటివాళ్లకి అది ఇంకో పొయ్యి. చాలాసార్లు అలాంటి కిటికీల పక్కనే బిగించాల్సి వచ్చేది. లోపలివాళ్లు ఏమీ అనేవారు కాదు, రెక్క మూసుకునేవాళ్లు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. పనిలో చేరిన కొత్తల్లో పాత మిషన్ తీసేయాలంటే పైపు కోసి గ్యాస్ గాల్లోకి వదిలేసేవాళ్లం. అందరూ అంతే చేసేవారు. ఆ గ్యాస్ పేరు ఆర్-22, అది ఓజోన్ పొరని తినేస్తుంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక అలాంటివాటిని మెల్లగా మానిపించారు. దాని బదులు వచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు కానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 2,000 రెట్లకు పైగా బలం. దాన్నీ తగ్గించుకుంటూ రావాలని 2016లో రువాండాలోని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32కి అందులో మూడో వంతు ప్రభావం. అమ్మతో ఒక మాట చెప్పండి: ఏసీ గ్యాస్ పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు. ఏటా నింపాలని మెకానిక్ అంటున్నాడంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. ముందు అది చూపించమనండి.

అయితే ఏసీ మానేయమంటున్నానా? లేదు. మీ నానమ్మకి ఆఖరి వేసవుల్లో అదే ఊపిరి. పసిపిల్లలకి, గుండె జబ్బున్నవాళ్లకి ఆ గది కావాల్సిందే. నాకు మండేది 18లో పెట్టి దుప్పటి కప్పుకోవడం. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. 26లో పెట్టి ఫ్యాను తిప్పితే సరిపోతుంది. ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమట ఆరేలా చేస్తుంది. గదే 40 దాటిపోతే మాత్రం ఫ్యాన్‌ని నమ్ముకోకండి, అప్పుడది వేడిగాలిని ఒంటికి పట్టిస్తుంది.

మరి చల్లటి ఊరు? అక్కడా ఊరికే ఏమీ రాదు. బయట 40 ఉంటే 26కి దించడానికి తేడా 14 డిగ్రీలు. బయట సున్నాకి 10 కింద ఉంటే 20కి ఎక్కించడానికి 30. అమెరికాలో వేడి మయామీనీ చలి మినియాపోలిస్‌నీ పోల్చి చూస్తే, ఇళ్లని హాయిగా ఉంచడానికి చలి ఊరికే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ శక్తి కావాలని 2013లో లెక్క తేలింది. వేడి ఊరివాళ్లే భూమిని పాడుచేస్తున్నారని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. పైగా చల్లటి ఊళ్లు ఎప్పటికీ చల్లగా ఉంటాయన్న హామీ లేదు. 2021 జూన్‌లో కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది, మర్నాడే ఆ ఊరు చాలావరకు కాలిపోయింది. ఆ వేసవి ఆ రాష్ట్రంలో వేడికి 619 మంది పోయారు, ఎక్కువమంది ఇళ్లలోనే. షికాగో అన్నాను కదా, ఇదీ అలాంటిదే. ఎండ అలవాటు లేని ఇల్లు, అలవాటు లేని ఒళ్లు. వారం రెండు వారాలు వేడిలో తిరిగితే ఒంటికి ముందుగానే చెమట పట్టడం, చెమటలో ఉప్పు తగ్గడం అలవడుతుంది. ఇరవై నాలుగ్గంటలూ ఏసీలో ఉంటే ఆ అలవాటు పోతుంది. చిన్నీ, నీ ఈత మానొద్దు, కాకపోతే పొద్దున్నే వెళ్లు.

అలాగని చిన్ని గెలిచిందనుకోకండి. వేడి ఊళ్లో ఉండాలంటే ఏటా కొన్ని నెలలు పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదింటిదాకా ఇంట్లో బందీ కావాలి. ఆట ఉండదు, సైకిల్ ఉండదు. నిద్ర చెడితే చదువు మీద పడుతుంది. ఉద్యోగం, బడి, ఆసుపత్రి దగ్గరున్నాయన్నది పెద్ద లాభమే కానీ ఈ నెలల్ని కూడా లెక్కలో వేసుకోవాలి. చల్లదనం కోసం ఊరి చివర చెట్ల మధ్య ఇల్లు తీసుకుందామని మీ అమ్మ అంటోందట. మంచిదే. కానీ రోజూ రెండు గంటలు కారులో ఏసీ వేసుకుని తిరిగితే, ఆ చెట్లు ఇచ్చిందంతా రోడ్డు మీదే అయిపోతుంది. బస్సో రైలో దొరికే దారిలో అయితే ఆలోచించొచ్చు.

ఊరు మారినా మారకపోయినా మీరు ఇల్లయితే మారేలా ఉన్నారు. పెద్దవాళ్లు ఇళ్లు చూడ్డానికి ఆదివారం పొద్దున వెళ్తారు, అప్పుడు ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. మీరిద్దరూ నాన్నని పట్టుబట్టి రాత్రి పదింటికి తీసుకెళ్లండి. పై అంతస్తయితే ముందు పైకప్పు కింద నిలబడండి, తల మీద వేడి దిగుతోందేమో తెలుస్తుంది. తెల్ల సున్నం వేసిన కప్పుకీ వేయని కప్పుకీ తేడా మీకే తెలిసిపోతుంది. తర్వాత పడక గదిలో పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి ఇరవై అంకెలు లెక్కపెట్టండి. ఎదురింటి ఏసీ ఎటు ఊదుతోందో కిటికీలోంచి చూడండి. బాబు అంకెలు రాసుకోవాలి, చిన్ని చెయ్యి పెట్టాలి. ఏం తేలిందో ఈసారి గీత గీయకుండా రాయండి.

మీ తాతయ్య