గ్రూపులో డెమో పంచాయితీ 1978 నాటిది

వరంగల్, హన్మకొండల్లో అకౌంటెంట్ల, ట్యాక్స్ కన్సల్టెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉండుండి రేగే పంచాయితీ ఒకటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు డెమో లింకు పెట్టొచ్చా, పెట్టొద్దా? ఇది వాట్సాప్‌తో పుట్టిన గొడవ కాదు.

1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కు ముందు నడిచిన ప్రభుత్వ నెట్‌వర్క్ ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ఈమెయిల్ పంపాడు. స్పామ్, అంటే అడగకుండా వచ్చిపడే ప్రకటనల చరిత్ర అక్కడే మొదలైందంటారు. అందులో ఉన్నదల్లా కొత్త కంప్యూటర్ల డెమోకు పిలుపే. అడ్రసుల గడిలో పట్టని పేర్లు ఉత్తరం లోపలికి పొర్లాయి. ప్రభుత్వ పనికి నడిచే నెట్‌వర్క్‌లో ఈ బేరాలేమిటని నిర్వాహకులు మందలించారు. ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్మన్ మొదట ఇందులో తప్పేముందన్నాడు, ఆ పొడుగాటి జాబితా కళ్లారా చూశాక మాట వెనక్కి తీసుకున్నాడు. అమ్మకాలు మాత్రం బాగా జరిగాయని థ్యూర్క్ తర్వాత చెప్పుకున్నాడు. గొడవ ఇప్పటికీ తెగకపోవడానికి కారణం అదే.

తర్వాత యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చా గ్రూపుల నెట్‌వర్క్‌లో వ్యాపార ప్రకటనలకు ‘బిజ్’ పేరుతో వేరే విభాగం పెట్టి చూశారు. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు ప్రకటనను వేల గ్రూపుల్లో గుమ్మరించారు. ప్రకటనలు ఆ విభాగంలోనే ఉండాలన్న కట్టుబాటు అంతటితో సరి.

వరంగల్‌కు ఈ సెగ గట్టిగా తగిలింది 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాకే. చేతి బిల్లుబుక్కుతో నెట్టుకొచ్చిన దుకాణాలకూ సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. డెమోలో పెన్నో, పుస్తకమో అమ్మినట్టు బిల్లు కొట్టి చూపిస్తారు. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ వ్యాపారికి కావాల్సింది వేరు: తరుగు, హమాలీ, ఆడ్తి కమీషన్, రైతు దగ్గర కొన్న పత్తికి కొన్నవాడే పన్ను కట్టే రివర్స్ చార్జ్. “తరుగు ఎక్కడ ఎక్కియ్యాలె అన్నా?” అని గ్రూపులో అడిగితే “పర్సనల్‌కు రండి సార్” అంటారు. ధర అడిగినా అదే మాట. నాకు మండేది అక్కడే. డెమో అందరికీ చూపించినప్పుడు జవాబూ అందరి ముందే చెప్పాలి కదా? రేపు అదే సందేహం ఇంకొకరికి వస్తుంది.

2018లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే సెట్టింగ్ వచ్చింది. నొక్కితే డెమోలు ఆగుతాయి, నిజమే. రిటర్ను ఆఖరి తేదీ రాత్రి పోర్టల్ మొండికేస్తే అడిగే దిక్కూ ఉండదు. ఆదివారం ఒక్కరోజు డెమోలకు వదిలేయడం నయం. చిక్కల్లా సోమవారం మళ్లీ లింకు పెట్టినవాణ్ని తీసేసేటప్పుడే, వాడు ఎవరో ఒక మెంబరుకు బామ్మర్ది అయ్యుంటాడు.