పీడీఎఫ్ పెట్టేస్తే అందరూ చదివేస్తారా? అపోహలు - వాస్తవాలు

తిరుపతి డీటీపీ సెంటర్లలో, చిత్తూరు కాలేజీ ఆఫీసుల్లో తెగ వినపడే మాట: "పీడీఎఫ్ చేసి సైట్‌లో పెట్టేశాం సార్, ఇంక ఎవరైనా చదువుకోవచ్చు."

చదువుకోలేరు. ప్రింటు తీసి, సీలు వేసి, స్కాన్ చేసిన నోటీసు వట్టి ఫొటో. చూపులేని విద్యార్థి పలమనేరులో ఫోన్ పట్టుకుని కూర్చుంటే తెరమీది మాటల్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కు అందులో చదవడానికి ఒక్క అక్షరం దొరకదు. "స్కాన్ కాదు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నుంచే తీశాం" అంటారా? అది ఇంకా దగా. డీటీపీలో వాడే పాత అను ఫాంట్‌లో కంటికి కనిపించేది తెలుగు, లోపలున్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ వాటినే వల్లిస్తుంది.

అనుమానముంటే ఫైల్ తెరిచి, కంట్రోల్-ఎఫ్ నొక్కి, ఎదురుగా కనిపిస్తున్న 'గడువు' అనే మాట వెతకండి. దొరక్కపోతే ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. ఏమీ రాకపోతే ఫొటో. ఇంగ్లిష్ ముక్కలొస్తే అను. తెలుగే వచ్చి వత్తులు, గుణింతాలు చెదిరిపోతే యూనికోడే (లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతి), పీడీఎఫ్ చేసేటప్పుడు పాడైంది. ఎక్కువమంది బోల్తా పడేది ఈ మూడోదాని దగ్గరే, స్క్రీన్ మీద అంతా శుభ్రంగా కనపడుతుంది మరి.

అందుకే నోటీసును మామూలు వెబ్ పేజీగా పెట్టి, పేజీ భాష తెలుగని కోడ్‌లో చెప్పండి. సంతకం కాపీ కావాలంటే కింద లింకివ్వండి. పుస్తకమంత ఉంటే ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైల్‌గా ఇవ్వండి. పీడీఎఫ్ తప్పదంటే వర్డ్‌లో గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్ వాడండి. శీర్షికకు బోల్డ్ చాలదు, హెడింగ్ స్టైల్ ఇవ్వాలి. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, రాయాలి. ఆపైన సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో 'డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్' టిక్ ఉందో లేదో చూడండి. 'ప్రింట్ టు పీడీఎఫ్' నొక్కితే ఏది శీర్షిక, ఏది పేరా అని స్క్రీన్ రీడర్‌కు చెప్పే ఆ ట్యాగులన్నీ పోతాయి. అయ్యాక నోట్‌ప్యాడ్ పరీక్ష మళ్లీ చేయండి.

"వర్డ్ ఫైల్ పెడితే మార్చేస్తారు": పీడీఎఫ్‌నూ మారుస్తారు. "ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలి": విని చూసుకోవడానికి కంప్యూటర్‌లో వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం. "ఇదంతా ప్రభుత్వాఫీసులకే": 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలనూ వదల్లేదు.

పాత ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయని కంగారొద్దు. అడ్మిషన్, ఫీజు, స్కాలర్‌షిప్ లాంటి గడువున్నవి ముందు పట్టండి. అను మూలప్రతి ఉంటే యూనికోడ్ కన్వర్టర్‌లో వేయండి. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటల్ని అది తెలుగనుకుని చెడగొట్టవచ్చు, కాబట్టి వెబ్‌సైట్ అడ్రసులు, ఈమెయిళ్లు, వాటితోపాటు తేదీలు, రూపాయలు పాత ప్రింటుతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.