ఓపెన్ మోడల్ పెట్టుకుంటే బిల్లు సున్నా అవుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏఐ మోడళ్లను కంపెనీల సర్వర్ల మీదకు ఎక్కించి నడిపించడం నా పని. ఈ మధ్య ఏ మీటింగ్‌లో కూర్చున్నా కాసేపటికే ఈ మాట వినిపిస్తోంది: "ఓపెన్ సోర్స్ మోడల్ ఫ్రీయే కదండీ, మనకెందుకు ఈ ఏపీఐ బిల్లు? డౌన్‌లోడ్ చేసి పెట్టేసుకుందాం." ఏపీఐ బిల్లు అంటే బయటి కంపెనీ నడిపే మోడల్‌ను ఇంటర్నెట్ ద్వారా వాడుకున్నందుకు కట్టేది. అలా అనేవాళ్ల మీద నాకు కోపం లేదు. నెలనెలా పెరిగే బిల్లుకు పైవాళ్ల ముందు జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. వాళ్ల టెన్షన్‌ను ఆసరా చేసుకుని "ఇక అంతా ఉచితం" అని వీడియోల్లో ఊదరగొట్టే వాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. జేబుకు చిల్లు పెట్టేది ఈ అపోహే కాబట్టి ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: మోడల్ ఉచితం కాబట్టి నడపడమూ దాదాపు ఉచితమే

ఉచితంగా దొరికేది వెయిట్స్ ఫైల్ ఒక్కటే, అంటే శిక్షణలో మోడల్ నేర్చుకున్న అంకెల ఫైల్. దాన్ని జీపీయూ (ఏఐ లెక్కలను వేగంగా చేసే కార్డు) మెమరీలో పెట్టి, ఎవరు ఎప్పుడు అడిగినా జవాబిచ్చేలా సిద్ధంగా ఉంచడానికే డబ్బంతా అవుతుంది. 70 బిలియన్ పారామీటర్ల మోడల్‌ను (ఆ అంకెలనే పారామీటర్లంటారు) 16 బిట్లలో ఎక్కిస్తే వెయిట్స్‌కే 140 జీబీ కావాలి. అంటే 80 జీబీ కార్డులు కనీసం రెండు. 4 బిట్లకు కుదిస్తే 40 జీబీ అటూ ఇటుగా సరిపోతుంది కానీ కొన్ని పనుల్లో నాణ్యత పడిపోతుంది. ఎంత పడిందో మీ డేటా మీద మీరే కొలుచుకోవాలి.

వెయిట్స్ పట్టగానే పనైపోయిందనుకోవద్దు. సంభాషణ సాగినంతసేపూ కేవీ క్యాష్ (అప్పటిదాకా నడిచిన మాటల లెక్కలను దాచుకునే నిల్వ) కూడా అదే మెమరీలో ఉండాలి. మెటా వాళ్ల లామా 3.1 70బి (70 బిలియన్ పారామీటర్ల) మోడల్‌కు 16 బిట్ల క్యాష్‌తో ఒక్కో టోకెన్‌కు, అంటే ఒక్కో పదానికి లేదా పదం ముక్కకు, దాదాపు 0.33 ఎంబీ పడుతుంది. ఒక యూజర్ 8 వేల టోకెన్ల పత్రం ఇచ్చి ప్రశ్న అడిగితే ఆ ఒక్కరికే సుమారు 2.6 జీబీ. రెండు కార్డుల్లో వెయిట్స్ పోగా మిగిలే 20 జీబీలో అలాంటివాళ్లు ఏడుగురికి మించి పట్టరు. డెమోలో ఒక్కరే అడుగుతారు కాబట్టి ఇది బయటపడదు. లాంచ్ రోజున పడుతుంది.

ఎమ్ఓఈ మోడళ్ల (లోపల ఎక్స్‌పర్ట్‌లనే భాగాలుగా విడగొట్టి, ఒక్కో టోకెన్‌కు కొన్నింటినే వాడేవి) విషయంలో ఇంకో పొరపాటు చేస్తారు. చైనా కంపెనీ డీప్‌సీక్ తెచ్చిన వీ3లో మొత్తం 671 బిలియన్ పారామీటర్లు, ఒక్కో టోకెన్‌కు పనిచేసేవి 37 బిలియన్లు. అది చదివి "37బి మోడల్‌కు సరిపోయే కార్డు చాలు" అని ఎవరో ఒకరు లెక్క కట్టేస్తారు. తగ్గేది గణన, మెమరీ కాదు. తర్వాతి టోకెన్‌కు ఏ ఎక్స్‌పర్ట్ కావాల్సి వస్తుందో ముందే తెలియదు కాబట్టి మొత్తం 671 బిలియన్లూ అందుబాటులో ఉండాల్సిందే. దాని 8 బిట్ల వెయిట్స్, 80 జీబీ కార్డులు ఎనిమిది ఉన్న సర్వర్‌లో కూడా పట్టవు.

ఇవన్నీ ముందే లెక్క వేసుకోగలిగిన ఖర్చులు. అసలు దెబ్బ ఖాళీ గంటల దగ్గర తగులుతుంది. ఎక్స్‌పర్ట్‌లుగా విడగొట్టని మామూలు డెన్స్ మోడల్‌లో ఒక్కో టోకెన్ పుట్టించడానికి జీపీయూ వెయిట్స్ మొత్తాన్నీ మెమరీలోంచి ఒకసారి చదవాలి. ఒక్కరి కోసం చదివినా, ముప్పై మంది కోసం కలిపి చదివినా ఆ శ్రమ దాదాపు ఒకటే. ఒక్క ప్రయాణికుడి కోసం తిప్పినా బస్సు డీజిల్ తాగడం మానదు కదా. ఏపీఐ అమ్మేవాళ్లు చవగ్గా ఇవ్వగలుగుతున్నారంటే, ఎందరివో రిక్వెస్టులను బ్యాచ్‌లుగా కలిపి నడపడం వల్లే. మీ కార్డు మీద నిమిషానికో ప్రశ్న వస్తుంటే, మీకు పడే టోకెన్ ధర వాళ్ల ధర దరిదాపులకు కూడా రాదు.

ఒక చిన్న కంపెనీలో చూశాను. కస్టమర్ల ఫిర్యాదులను చదివి ఏది ఏ విభాగానికి వెళ్లాలో చెప్పడం అక్కడ మోడల్ పని. ఏపీఐ బిల్లు భరించలేక 70బి మోడల్‌ను అద్దె జీపీయూల మీద పెట్టుకున్నారు. ఖర్చు తగ్గలేదు సరికదా, పెరిగింది. నన్ను పిలిచింది దానికోసం కూడా కాదు. "మెమరీ నిండిపోయిందండీ, ఇంకో రెండు కార్డులు తీసుకోవాలేమో చూడండి" అని. టీమ్ లీడ్ స్క్రీన్ తెరిచి చూపించింది. జీపీయూ స్థితిని చూపించే ఎన్విడియా-ఎస్ఎమ్ఐలో మెమరీ నిజంగానే తొంభై శాతం నిండి ఉంది. ఆ పక్క గడిలో జీపీయూ వినియోగం: 0 శాతం. చూస్తూ కూర్చున్నాం. మధ్యలో ఎవరిదో ఫిర్యాదు వచ్చినప్పుడు ఒక్కసారి పైకి లేచింది, మళ్లీ సున్నా.

వాళ్లు వాడుతున్నది వీఎల్ఎల్ఎమ్ అనే, మోడళ్లను నడిపే సాఫ్ట్‌వేర్. అది మొదలవగానే కార్డు మెమరీలో దాదాపు 90 శాతాన్ని తన పేరు మీద పట్టేసుకుంటుంది. అది దాని డీఫాల్ట్ సెట్టింగ్. వెయిట్స్ పోగా మిగిలిందంతా కేవీ క్యాష్‌కు ముందే కేటాయించేస్తుంది. అందుకే పని ఉన్నా లేకపోయినా మెమరీ నిండినట్టే కనిపిస్తుంది. ఫిర్యాదులేమో ఆఫీసు వేళల్లోనే వస్తాయి. రాత్రంతా, సెలవు రోజుల్లోనూ కార్డులు ఊరికే ఉంటున్నాయి, అద్దె మీటరు మాత్రం తిరుగుతోంది.

సొంతంగా పెట్టుకుందామని చెప్పింది ఆ టీమ్ లీడే. ఆ సున్నా కనిపించాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఓపెన్ మోడల్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదమ్మా, పనికి మించిన సైజు తీసుకోవడం, రోజంతా వెలిగించి ఉంచడం, ఈ రెండే సమస్యలు అన్నాను. పాత ఫిర్యాదులతో ఒక 8బి మోడల్‌ను ఫైన్‌ట్యూన్ చేశాం, అంటే ఈ పనికోసం మరికొంత శిక్షణ ఇచ్చాం. ఫలానా విభాగం అని చెప్పడానికి అంతకంటే పెద్దది అక్కర్లేదు. ఫిర్యాదులను పోగుచేసి విడతలుగా నడిపి, పని కాగానే మెషీన్ ఆపేసేలా మార్చాం. ఇప్పుడు అక్కడ ఉన్నది ఒక్క కార్డు, అదీ రోజులో కొద్ది గంటలే.

కాబట్టి నా సలహా ఇది. ఓపెన్ మోడల్ వాడాలనుకుంటే ముందు దాన్ని ఏపీఐగా అమ్మే హోస్టింగ్ కంపెనీల దగ్గర టోకెన్ లెక్కన వాడి చూడండి. పరిశ్రమలో అసలు మార్పు వచ్చింది అక్కడే. వెయిట్స్ బయటపెట్టని క్లోజ్డ్ మోడల్ ధరను దాని యజమానే నిర్ణయిస్తాడు. ఓపెన్ వెయిట్స్‌ను ఎవరైనా హోస్ట్ చేయొచ్చు కాబట్టి ఒకే మోడల్‌ను అరడజను కంపెనీలు అమ్ముతుంటాయి, పోటీలో ధర ఖర్చు దగ్గరకు దిగుతుంది. ఒకరు నచ్చకపోతే ఇంకొకరి దగ్గరకు వెళ్లొచ్చు. పాత వెర్షన్ ఆపేస్తున్నామని ఎవరో మెయిల్ పెడితే కంగారు పడక్కర్లేదు, వెయిట్స్ మీ దగ్గరే ఉంటాయి. ట్రాఫిక్ రోజంతా నిలకడగా ఉన్నప్పుడు, లేదా డేటా బయటకు వెళ్లకూడదన్న నిబంధన ఉన్నప్పుడు సొంత జీపీయూల గురించి ఆలోచించండి. ఈలోగా మీ పనిలో నిజంగా వచ్చిన ప్రశ్నలు ఓ రెండు వందలు, సరైన జవాబులతో సహా ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ లీడర్‌బోర్డులు చూసి ఊగిపోకుండా ఆ ఫైల్ మీద నడిపి చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: చైనా మోడల్ వాడితే మన డేటా చైనాకు పోతుంది

డీప్‌సీక్ యాప్ వాడితే పోతుంది, చైనాలోని సర్వర్లలో దాచుకుంటామని వాళ్ల ప్రైవసీ పాలసీలోనే ఉంది. 2025 జనవరి చివర్లో ఇటలీ డేటా రక్షణ సంస్థ అడ్డుకున్నది ఆ సేవనే. వెయిట్స్ వేరు. అవి అంకెల ఫైల్, వాటంతట అవి ఎవరికీ ఫోన్ చేయవు. డీప్‌సీక్ మోడల్ ఆర్1 వచ్చిన కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్, అమెజాన్ తమ క్లౌడ్‌లలో దాన్ని అందుబాటులో పెట్టాయి. జాగ్రత్త పడాల్సింది ఫైల్ ఫార్మాట్ దగ్గర: పికిల్ అనే ఫార్మాట్ ఫైల్ తెరవడంతోనే అందులో దాచిన కోడ్ నడిచే ప్రమాదం ఉంది, అంకెలు మాత్రమే ఉండే సేఫ్‌టెన్సర్స్ ఫార్మాట్ తీసుకోండి. రాజకీయ విషయాల్లో మోడల్‌కు నేర్పిన మొహమాటాలు మాత్రం ఏ సర్వర్‌లో పెట్టినా వెయిట్స్‌తో పాటే వస్తాయి.

అపోహ: నా ల్యాప్‌టాప్‌లో డీప్‌సీక్ ఆర్1 నడుస్తోంది

నడుస్తున్నది ఆర్1 జవాబులతో శిక్షణ పొందిన చిన్న క్వెన్ (అలీబాబా వాళ్లది) లేదా లామా మోడల్. 1.5బి నుంచి 70బి దాకా అలాంటి డిస్టిల్ మోడళ్లు ఆరు విడుదల చేశారు. మంచివే. వాటి జవాబులు చూసి ఆర్1 ఇంతేనా అని తీర్పు చెప్పకండి.

అపోహ: 56 లక్షల డాలర్లతో పెద్ద మోడల్ తయారైపోయింది, ఇక జీపీయూలతో పనేముంది

డీప్‌సీక్ వీ3 పేపర్‌లోని లెక్క ఇది: 27.88 లక్షల జీపీయూ గంటలు, గంటకు 2 డాలర్ల అద్దె అనుకుంటే 55.76 లక్షల డాలర్లు. అంతకు ముందు చేసిన పరిశోధన, ప్రయోగాల ఖర్చు ఇందులో లేదని అదే పేరాలో రాశారు. ఆ వాక్యం వదిలేసి అంకె ఒక్కటే ఊరూరా తిరిగింది. 2025 జనవరి 27న జీపీయూలు తయారుచేసే ఎన్విడియా మార్కెట్ విలువ ఒక్కరోజులో దాదాపు 60 వేల కోట్ల డాలర్లు కరిగింది. అదే ఏడాది జులైలో 4 లక్షల కోట్ల డాలర్లు దాటింది. టోకెన్ చవకైతే జనం ఎక్కువ టోకెన్లు వాడతారు, అంతకుముందు గిట్టుబాటు కాని పనులకూ వాడతారు. అవన్నీ నడవాల్సింది జీపీయూల మీదే.

అపోహ: మోడళ్లు ఇంత చవకయ్యాక ఇంజినీర్ల పని అయిపోయింది

ఈ ప్రశ్న అడిగే కుర్రాళ్లను తేలిగ్గా తీసేయను, వాళ్ల భయం నిజమైనదే. ఒకరి ఏపీఐ మీద పల్చటి పొర వేసి అమ్ముతున్న కంపెనీల్లో ఉన్నవాళ్లకు గడ్డు రోజులే, అది దాచను. అయితే పైన చెప్పిన కంపెనీలో పని ఏం జరిగిందో చూడండి. ఎంత మోడల్ కావాలో కొలవడం, పాత ఫిర్యాదులను శుభ్రం చేయడం, ఎప్పుడు నడపాలో ఎప్పుడు ఆపాలో అమర్చడం. మోడల్ ఉచితంగా వచ్చాకే ఈ పనులన్నీ పుట్టుకొచ్చాయి. చేసినవాళ్లు అంతకుముందు నుంచీ ఆ టీమ్‌లో ఉన్న బ్యాకెండ్ ఇంజినీర్లే.

అపోహ: ఓపెన్ అన్నారంటే ఎలాగైనా వాడుకోవచ్చు

చాలావరకు ఇవి ఓపెన్ వెయిట్ మోడళ్లు, అంటే వెయిట్స్ మాత్రమే బయటపెట్టినవి. శిక్షణ డేటా కూడా బయటపెట్టే అలెన్ ఇన్‌స్టిట్యూట్ వారి ఓల్మో లాంటివి తక్కువ. లైసెన్సులూ ఒక్కటిగా ఉండవు. డీప్‌సీక్ ఆర్1ది ఎమ్ఐటీ, వ్యాపారానికీ వాడుకోనిచ్చే లైసెన్స్. ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో విడుదల చేసిన జీపీటీ-ఓఎస్ఎస్‌ది అపాచీ 2.0, అదీ అలాంటిదే. లామాకు మెటా సొంత లైసెన్స్ ఉంది, నెలకు 70 కోట్ల యూజర్లు దాటిన కంపెనీలు విడిగా అనుమతి తీసుకోవాలి. క్వెన్ 2.5లో ఎక్కువ సైజులు అపాచీ అయినా 3బి, 72బిల లైసెన్స్ వేరు. 7బితో ప్రయోగం మొదలుపెట్టి ప్రొడక్షన్‌లోకి 3బిని తెచ్చేవాళ్లు ఆ రెండో లైసెన్స్ ఫైల్‌ను కూడా తెరిచి చదవండి, 3బిది పరిశోధనకే గానీ వ్యాపారానికి కాదు.