గుద్దితే గట్టి, తాకితే నీళ్లు

"ఇంట్లో గుడ్డుతో చేసిన కస్టర్డ్ కాస్త ఏమరితే విరిగిపోతుంది. కొన్న పొడితో చేసినది కుతకుత ఉడికినా విరగదు. ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు చిన్నదే. కానీ ఆ పొడికి పొయ్యితో పనిలేని విద్య ఇంకొకటి వచ్చు. నా మనసంతా దాని మీదే ఉంది కాబట్టి జవాబు త్వరగా ముగిస్తాను.

గుడ్డులోని ప్రోటీన్లు ఉండలు చుట్టుకున్న గొలుసులు. వేడి తగిలితే ఆ ఉండలు విడి, గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని వల అల్లుతాయి. పాలలోని నీరు ఆ వలలో చిక్కుతుంది. పాలు, చక్కెర కలిసిన మిశ్రమంలో ఇది సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరుగుతుంది. వేడి ఇంకొన్ని డిగ్రీలు పెరిగిందా, వల బిగుసుకుని నీటిని బయటకు పిండేస్తుంది. విరగడమంటే ఇదే. పొడిలో గుడ్డే ఉండదు. ఉండేది మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్), కాస్త రంగు, కాస్త వెనిలా వాసన. 1837లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయనవేత్త, గుడ్డు పడని తన భార్య ఎలిజబెత్ కోసం దీన్ని తయారుచేశాడు. రుచి గుడ్డుదే, నిశ్చింత పొడిది.

రెండూ కలిపి వండేవారికి ఒక హెచ్చరిక. ఉబ్బిన పిండి ప్రోటీన్ల మధ్య అడ్డుపడుతుంది కాబట్టి ఈ మిశ్రమాన్ని మరిగించవచ్చు. మరిగించి తీరాలి కూడా. పచ్చసొనలో ఆల్ఫా-అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. బాగా మరిగితే గాని అది నశించదు. మిగిలిపోతే పిండి అణువుల గొలుసులను తుంచుతూ పోతుంది, చిక్కగా దించిన కస్టర్డ్ తెల్లారేసరికి పలచబడుతుంది. మన లాలాజలంలోనూ అమైలేజ్ ఉంది. నోట్లో పెట్టుకున్న చెంచాను గిన్నెలో వదిలేస్తే జరిగేదీ అదే.

ఇక అసలు విషయం. రెండు గిన్నెల పొడిలో ఒక గిన్నె చన్నీళ్లు కొద్దికొద్దిగా పోసి కలపండి. పొడిలో మొక్కజొన్న పిండి తప్ప దాదాపు ఏమీ ఉండకూడదు. చక్కెర కలిపినదీ, ముందే ఉడికించి ఆరబెట్టినదీ పనికిరావు. వేలు మెల్లగా దించితే పాలలోకి దిగినట్టే దిగుతుంది. పిడికిలితో గుద్దితే గోడ. గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య దొర్లిస్తున్నంతసేపూ ఉండగా నిలుస్తుంది, చేతులు ఆగగానే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది.

ఎందుకంటే, ఈ పచ్చి పిండిరేణువు మిల్లీమీటరులో సుమారు వందో వంతు ఉంటుంది, చల్లటి నీటిలో కరగదు. నీళ్లు తక్కువ కావడంతో రేణువులు తిరునాళ్లలో జనంలా కిక్కిరిసి ఉంటాయి. జనం నెమ్మదిగా కదిలితే ఒకరినొకరు తప్పుకుంటూ పోతారు. ఇక్కడ ఆ తప్పుకునే చోటు రేణువుల మధ్య ఉన్న సన్నటి నీటి పొర. వెనక నుంచి ఒక్కసారిగా తోపులాట మొదలైతే ఆ చోటు పోతుంది, భుజం భుజానికి ఒరుసుకుని ఎవరూ కదలలేరు. పిడికిలి దెబ్బకూ అంతే. నీటి పొర పక్కకు నెట్టుకుపోయి గరుకు రేణువులు నేరుగా రాసుకుంటాయి, వాటి మధ్య ఘర్షణ పుడుతుంది. గుంపులో వెనకవాడి మీద పడిన ఒత్తిడి ముందువాళ్లందరికీ పాకినట్టే బలం రేణువు నుంచి రేణువుకు పాకి, ద్రవం ఘనంలా నిలబడుతుంది. తోపు ఆగితే జనం సర్దుకుంటారు, నీరు తిరిగి సందుల్లోకి చేరుతుంది. 2012లో షికాగో విశ్వవిద్యాలయంలో స్కాట్ వైటుకైటిస్, హైన్రిక్ యేగర్ ఈ ద్రవంలోకి కడ్డీని వేగంగా దించి చూశారు. కడ్డీ కింద గట్టిపడిన ముద్ద పుట్టి, చుట్టూ ఉన్న ద్రవాన్ని కలుపుకుంటూ కిందికి పెరిగిందని తేల్చారు.

అందుకే తొట్టినిండా ఈ ద్రవం పోసి దాని మీద పరుగెత్తవచ్చు. ఆగితే మునుగుతారు. ఎవరైనా తపశ్శక్తితో ద్రవం మీద నడుస్తానంటే, మధ్యలో కాసేపు నిలబడమని అడగండి. పాఠ్యపుస్తకం ఘన, ద్రవ, వాయువులంటూ మూడు గడులు గీసి పిల్లలచేత వల్లె వేయిస్తుంది. ఈ గిన్నె ఏ గడిలోకి వస్తుందో అడిగే ఉపాధ్యాయులు ఎంతమంది?

విచిత్రమేమిటంటే, అదే పొడిని ఉడికిస్తే స్వభావం తిరగబడుతుంది. సుమారు 62 నుంచి 72 డిగ్రీల మధ్య రేణువులు నీరు తాగి ఉబ్బి మెత్తబడతాయి, గరుకుతనం పోతుంది. అలా ఉడికి చల్లారిన కస్టర్డ్‌ను ఎంత గట్టిగా గిలకొడితే అంత పలచబడుతుంది.

గట్టిపడే గుణానికి గంభీరమైన ఉద్యోగమూ దొరికింది. డెలావేర్ విశ్వవిద్యాలయం, అమెరికా సైనిక పరిశోధనశాల కలిసి, పిండికి బదులు అతిసూక్ష్మ సిలికా రేణువులున్న ద్రవంలో కెవ్లార్ అనే దృఢమైన కృత్రిమ నార బట్టను తడిపి రక్షణ కవచాలపై ప్రయోగాలు చేశాయి.

పిల్లలతో ఆడేటప్పుడు రెండు జాగ్రత్తలు. పొడిని మంట దగ్గర గాలిలోకి ఎగరేయకండి. గాలిలో తేలే పిండి ధూళి గుప్పున అంటుకుంటుంది. 1981 నవంబరులో ఇంగ్లండులోని బాన్‌బరీలో కస్టర్డ్ పొడి కర్మాగారంలో అలాంటి పేలుడుకే తొమ్మిది మంది గాయపడ్డారు. ఆట అయ్యాక ద్రవాన్ని సింకులో పోయకండి. పిండి గొట్టం వంపులో పేరుకుని అడ్డుపడుతుంది. గిన్నెను ఒక రాత్రి కదపకుండా ఉంచితే పిండి అడుగుకు చేరుతుంది. పైనున్న నీటిని వంచేసి, ముద్దను చెత్తబుట్టలో వేయండి.