కటకాలు, దర్పణాల పరీక్ష: వేవ్‌ఫ్రంట్ సెన్సార్‌పై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో కాలువ గట్టున ఉన్న మా పరీక్షా గదికి టెలిస్కోపు దర్పణాలు, కెమెరా కటకాలు తెచ్చేవారి నోట తరచుగా వినే మాటలివి.

అపోహ: సెన్సార్ చూపిన లోపమంతా గాజులోనే ఉంటుంది.

వాస్తవం: మేం వాడే షాక్-హార్ట్‌మన్ రకం వేవ్‌ఫ్రంట్ సెన్సార్‌లో వరుసగా పేర్చిన బుల్లి కటకాలు వచ్చిన కాంతిని చుక్కలుగా విడదీస్తాయి, ఒక్కో చుక్క ఉండవలసిన చోటి నుంచి ఎంత జరిగిందో చూసి, అక్కడ తరంగాగ్రం (వేవ్‌ఫ్రంట్, అంటే కాంతి తరంగం ముందు అంచు) ఎంత వాలిందో లెక్కగడతాం. బుల్లి కటకం నాభ్యంతరం 5 మిల్లీమీటర్లయితే, చుక్క 1 మైక్రోమీటరు జరగడమంటే 0.2 మిల్లీరేడియన్ల వాలు. అంత చిన్న వాలును గాజు మాత్రమే కాదు, గాలీ, గాజును పట్టి ఉంచే క్లిప్పుల బిగువూ కూడా తెస్తాయి. ఒక 150 మిల్లీమీటర్ల దర్పణంలో ఆస్టిగ్మాటిజం (ఒక దిశలో వంపు, దానికి అడ్డంగా ఉన్న దిశలో వంపు ఒకేలా లేని లోపం) కనబడితే, తెచ్చినాయన మళ్లీ పాలిష్ పట్టిస్తానన్నారు. నేను ఆగమని, దర్పణాన్ని దాని అక్షం మీద 90 డిగ్రీలు తిప్పి కొలిచాను. లోపం గాజుదే అయితే దానితోపాటు తిరగాలి. అది కదలకుండా ఉన్నచోటే ఉంది. ఎదురెదురుగా బిగించిన రెండు క్లిప్పుల కింద కాగితం ముక్క జారేంత వదులు చేయగానే దాదాపు మాయమైంది.

గాలి సంగతి ఇంకా కష్టం. వైశాఖ మాసపు మధ్యాహ్నం చుక్కలు ఒక్కచోట నిలవవు. అందుకని గాజును రాత్రంతా గదిలోనే ఉంచి, తెల్లవారుజామున ఫ్యాన్లు ఆపి, వందల ఫ్రేముల సగటు తీసుకుంటాను.

అపోహ: ఖరీదైన పరికరం చెప్పాక మరో పరీక్ష అవసరం లేదు.

వాస్తవం: 1990లో ప్రయోగించిన హబుల్ టెలిస్కోపు 2.4 మీటర్ల దర్పణాన్ని పరీక్షించిన పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పిన చోట ఉంది. దానికన్నా సాదా పరికరాలు లోపాన్ని చూపినా, వాటి మాటను పక్కన పెట్టారు. నేను సెన్సార్ ఫలితాన్ని ఫూకో కత్తి అంచు పరీక్షతో (కాంతి ఒకచోట చేరే దగ్గర కత్తి అంచును అడ్డుపెట్టి, దర్పణంపై కనబడే నీడలు చూసే పరీక్ష) సరిపోల్చుకోకుండా ఎవరికీ ఇవ్వను.

అపోహ: ఉపరితలం లోపం కాంతి తరంగదైర్ఘ్యంలో పావు వంతు లోపల ఉంటే దర్పణం మేలైనదే.

వాస్తవం: ప్రతిఫలనంలో లోపం రెట్టింపవుతుంది, ఉపరితలంపై పావు అంటే తరంగాగ్రంలో అర.

అపోహ: సెన్సార్ ఇచ్చిన లోపం సంఖ్య బాగుంటే కటకం బాగున్నట్టే.

వాస్తవం: ముసురు పట్టిన నెలల్లో మన డెల్టాలో కటకాల లోపల ఫంగస్ సాలెగూటి పోగుల్లా పాకుతుంది. ఆ పోగులు కాంతిని చెదరగొట్టి బొమ్మను మసకబారుస్తాయి గానీ, ఒక్కో బుల్లి కటకం తన పరిధిలోని వాలును సగటు చేసేస్తుంది కనుక సంఖ్యలో అవి దాదాపు కనబడవు. కటకాన్ని సెన్సార్ ముందు పెట్టే ముందు టార్చి వెలుగును ఏటవాలుగా వేసి లోపలికి చూడటం నా మొదటి పని.